రెండో తాడు

అరవై అడుగుల తాటిచెట్టు మొవ్వు దగ్గర పట్టు తప్పిన మనిషి నేలను తాకడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి లెక్కవేస్తే, నేలను తాకేటప్పటికి అతని వేగం గంటకు సుమారు 68 కిలోమీటర్లు. అదే వేగంతో కారులో వెళ్లేవాడికి నడుముకు బెల్టు, ముందు గాలిసంచి, చుట్టూ ఇనుప చట్రం ఉంటాయి. గీత కార్మికుడికి ఉన్నది ఒక మోకు, కాళ్లకు ఒక బంధం, నడుముకు కత్తులున్న ముస్తాదు, చేతిలో తాత తండ్రుల నుంచి వచ్చిన ఒడుపు. చెట్టు మీద నుంచి పడి ఎవరైనా పోయినప్పుడు ఊళ్లో వినపడే మాట ఒకటే: రాసిపెట్టి ఉంది, పడ్డాడు. చదువుకున్నవాళ్ల నోట ఇంకో మాట వస్తుంది: అజాగ్రత్త. ఈ రెండు మాటలూ ప్రమాదానికి కారణం చెప్పవు. కారణం వెతకాల్సింది తాడులో, చెట్టు బోదెలో, ఎత్తులో.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. పడేవాడి వేగం ఎత్తుతో సమానంగా పెరగదు, ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే పది అడుగుల గడ్డి ట్రక్కు మీద నుంచి పడినా నేలను తాకే వేగం గంటకు 28 కిలోమీటర్లు ఉంటుంది. తాటిచెట్టు ఎత్తు దానికి ఆరు రెట్లు, వేగం మాత్రం రెండున్నర రెట్లే. దీన్ని తిరగేసి చదువుకుంటే మనకు పనికొచ్చే సంగతి తెలుస్తుంది. తక్కువ ఎత్తు మనం అనుకున్నంత తక్కువ కాదు. పది అడుగుల నుంచి పడటానికి పట్టేది ముప్పావు సెకను. ఏదో జరుగుతోందని మెదడు గుర్తించి, చేతికి కబురంపి, చెయ్యి కదిలేసరికి అందులో మూడో వంతు గడిచిపోతుంది. ‘పడేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుంటాలే’ అన్న ధీమా ఈ మిగిలిన అర సెకనును నమ్ముకున్నదే.

దెబ్బ తీవ్రతను తేల్చేది వేగం ఒక్కటే కాదు, ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోయిందన్నది కూడా. పది అడుగుల నుంచి పడిన శరీరం గట్టి నేల మీద నాలుగంగుళాల్లో ఆగిందనుకుందాం. ఆ ఆగే క్షణంలో శరీరం మీద పనిచేసే బలం సగటున సొంత బరువుకు ముప్పై రెట్లు. అదే మనిషి వదులుగా పోసిన గడ్డిమీద పడి అడుగున్నర లోతు దిగబడితే అది ఏడు రెట్లకు తగ్గుతుంది. ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే చాలు, లెక్క అంతే. అరవై అడుగులకు ఇదే లెక్క కడితే గట్టి నేల మీద నూట ఎనభై రెట్లు వస్తుంది. వెన్నెముకకు అంత బలాన్ని తట్టుకునే శక్తి లేదు. కాళ్ల మీద పడితే బతికిపోతాడని కొందరనుకుంటారు. నిజానికి ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, అక్కడి నుంచి తుంటికి, చివరికి నడుము పూసలకు ఎక్కుతుంది. మడమ ఎముక విరిగి వచ్చిన రోగికి డాక్టర్లు వెన్నును కూడా పరీక్షించేది అందుకే.

మోకును చిన్నచూపు చూడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది సామాన్యమైన సాధనం కాదు. బోదె చుట్టూ తిరిగి ఎక్కేవాడి నడుము వెనుకకు వచ్చే ఆ తాడులో ఒక చక్కని భౌతికశాస్త్రం దాగి ఉంది. ఎక్కేవాడు వెనక్కి వాలినప్పుడు అతని బరువు అతన్ని చెట్టుకు దూరంగా తిప్పాలని చూస్తుంది. మోకు చెట్టు అవతలి వైపు నుంచి బిగిసి అతన్ని పట్టి ఉంచుతుంది. ఆ బిగువు వల్లనే పాదాలు బోదెను గట్టిగా ఒత్తుతాయి. ఎంత గట్టిగా ఒత్తితే అంత ఘర్షణ పుడుతుంది, ఆ ఘర్షణే మనిషిని నిలబెడుతుంది. శరీరం చెట్టుకు ఎంత దూరం వాలితే పట్టు అంత పెరుగుతుంది. దగ్గరకు జరిగితే పట్టు తగ్గుతుంది.

దీనివల్ల రెండు విచిత్రాలు కనిపిస్తాయి. ఒకటి, ఈ లెక్కలో మనిషి బరువు కొట్టేసుకుపోతుంది. బరువు పెరిగితే జారే బలమూ, నిలబెట్టే ఘర్షణా ఒకే పాళ్లలో పెరుగుతాయి. బక్కపలచనివాడైనా భారీ మనిషైనా జారడమో నిలవడమో తేల్చేది వాలు, తాడు, బోదె గరుకుతనం. రెండోది ఇంకా ముఖ్యం. భయం వేసినవాడు సహజంగా చేసే పని చెట్టును వాటేసుకోవడం. సరిగ్గా ఆ పనే పట్టును తీసేస్తుంది. కొత్తగా ఎక్కేవాడికి కింద నుంచి పెద్దలు ‘వెనక్కి వాలు, వెనక్కి వాలు’ అని కేకవేయడం నేను చిన్నప్పుడు విన్నాను. అప్పట్లో అది నాకు మొండి ధైర్యంలా తోచింది. కాగితం మీద బలాల బొమ్మ గీసుకున్నాక కానీ ఆ కేకలోని లెక్క నాకు అందలేదు.

అయితే ఈ ఏర్పాటు అంతా ఘర్షణ మీద నిలబడింది. ఘర్షణ తడికి లొంగుతుంది. వానాకాలం ఉదయం బోదె నానిపోయి, పాచి పట్టి, పాదం కింద మెత్తగా ఉంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు మొవ్వు దగ్గర వస్తుంది. ఎండి వేలాడే మట్టలు మోకుకు అడ్డం పడతాయి. గెల దగ్గరకు చేరాలంటే తాడును సర్దాలి, ఒక్కోసారి వదులు చేసి మట్టల మీదుగా మార్చాలి. అప్పటిదాకా శరీరాన్ని పట్టి ఉంచిన తాడు ఆ కొన్ని క్షణాలు పట్టి ఉంచదు. పైగా అది చెట్టులోకెల్లా ఎత్తైన చోటు, ఎక్కీ ఎక్కీ కండరాలు అలసిన సమయం. కందిరీగల గూడు ఉందంటే అక్కడే ఉంటుంది. ఎండుమట్టను ఆధారమనుకుని పట్టుకుంటే అది మొదలంటా ఊడి చేతికి వస్తుంది. చేతి దగ్గరే గీత కత్తి ఉంటుంది, మంగలి కత్తికి తీసిపోని పదునుతో. బిగువుగా ఉన్న తాడును ఆ కత్తి ఒక్కసారి తాకితే చాలు.

అసలు విషయం ఇక్కడుంది. మోకు ఎక్కడానికి పనిముట్టు, పడకుండా కాపాడే రక్షణ కూడా అదే. పనిముట్టు విఫలమైతే రక్షణ కూడా అదే క్షణంలో పోతుంది. ఎత్తున పనిచేసే మిగతా వృత్తుల్లో, కొండలెక్కేవాళ్లలో, పెద్ద చెట్ల కొమ్మలు కొట్టేవాళ్లలో, టవర్లు ఎక్కే కార్మికుల్లో ఒక నియమం పాతుకుపోయింది. మొదటి ఆధారంతో సంబంధం లేని రెండో ఆధారం ఉండాలి. ఒకటి విప్పాలంటే మరొకటి అప్పటికే బిగిసి ఉండాలి. మొవ్వు దగ్గర మోకు సర్దుకునే ఆ కొన్ని క్షణాలు రెండో తాడు బోదెను పట్టుకుని ఉంటే, కాలు జారిన మనిషి అరవై అడుగులు కాదు, రెండడుగులు జారి ఆగుతాడు.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. గౌడలు కొలిచే కాటమయ్య పేరునే ఆ పథకానికి పెట్టారు. ఆ కిట్ వెనుక ఉన్న ఆలోచన పర్వతారోహణ నుంచి వచ్చింది. మోకును తీసేయమనడం కాదు, మోకు తప్పినా మనిషి చెట్టుకు వేలాడి ఉండేలా మరో ఆధారం ఇవ్వడం. నా దృష్టిలో ఈ పథకం విలువ ఉచితంగా ఇచ్చిన వస్తువుల్లో కన్నా ఇందులోనే ఎక్కువ. పడిపోయాక పరిహారం ఇచ్చే పథకాలు మనకు ముందునుంచీ ఉన్నాయి. పడకుండా చూడటం ప్రభుత్వ పని అని ఒప్పుకోవడం కొత్త.

రక్షణ తాడు పనిచేయడానికీ ఒక శాస్త్రం ఉంది, అది తెలియకపోతే తాడే గాయం చేస్తుంది. అరవై కిలోల మనిషి ఆరడుగులు పడ్డాక నడుముకున్న మామూలు తాడు నాలుగంగుళాల్లో అతన్ని ఆపిందనుకుందాం. పై లెక్క ప్రకారం నడుము మీద పడే బలం వెయ్యి కిలోల బరువుకు పైమాటే. పొట్టలోని అవయవాలకూ వెన్నుకూ అది చాలా ఎక్కువ. అందుకే ఇప్పుడు పడే ప్రమాదం ఉన్నచోట ఒక్క నడుము పట్టీ సరిపోదంటారు. తొడలకూ, భుజాలకూ, ఛాతీకీ బలాన్ని పంచే పూర్తి శరీర పట్టీ వాడాలంటారు. దానితో పాటు కుదుపును మింగే చిన్న సంచి ఒకటి ఉంటుంది. లోపల మడతపెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. కుదుపు వచ్చినప్పుడు కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ పట్టీ సాగుతుంది. ఆగే దూరం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. గడ్డివాము చేసే పనినే ఈ కుట్లు చేస్తాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం ఆ బలం ఆరు కిలోన్యూటన్లు, అంటే సుమారు ఆరువందల కిలోల బరువు, దాటకూడదు. మన దేశంలో ఇలాంటి పట్టీలకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ గుర్తు చూడాలి. ఒకసారి కుదుపు తిన్న పట్టీని, చూడటానికి ఎంత బాగున్నా, మళ్లీ వాడకూడదు. తెగిన కుట్లు రెండోసారి తెగవు కదా.

రెండో తాడు ఎంత పొట్టిగా, ఎంత బిగువుగా ఉంటే అంత మేలు. జారే దూరం తగ్గితే కుదుపూ తగ్గుతుంది. తాటి బోదె అంతటా ఒకే లావు ఉండదు కాబట్టి కింద సరిపోయిన ఉచ్చు పైన వదులవుతుంది. అందుకే ఎక్కుతూ మధ్యమధ్య బిగించుకోవాలి. నైలాను తాడు ఎండకు పెళుసవుతుంది, రంగు వెలిసి నూగు లేచినదాన్ని పక్కన పడేయాలి. తాడుకు ముడి వేసినచోట దాని బలం చాలావరకు తగ్గుతుంది. కత్తి పని ఉన్నచోట లోపల ఉక్కు తీగ ఉన్న తాడు మేలు. చెట్లు కొట్టేవాళ్లు అలాంటివే వాడతారు. ఇంకొక సంగతి అంతగా ప్రచారం కాలేదు. పట్టీకి వేలాడుతూ ఉండిపోయిన మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి కాసేపట్లో స్పృహ తప్పవచ్చు. తాడు ప్రాణం కాపాడింది కదా అని తీరిగ్గా కూర్చోవడానికి లేదు, త్వరగా కిందికి దించే మనిషి ఉండాలి. తెల్లవారుజామున ఒంటరిగా వనంలోకి వెళ్లే గీత కార్మికుడికి ఇది పెద్ద లోటు. ఏ చెట్లకు వెళ్తున్నాడో ఇంట్లో చెప్పి వెళ్లడం, పక్క చెట్ల మీద ఇద్దరు కలిసి పనిచేయడం, మెడలో ఒక ఈల ఉంచుకోవడం, వీటికి పైసా ఖర్చు లేదు.

రక్షణ సామగ్రి మీద కార్మికులు చేసే ఫిర్యాదు న్యాయమైనది: ఆలస్యమవుతుంది. కల్లు ఉదయం, సాయంత్రం తీయాలి. ఒక్కో చెట్టుకు అయిదు నిమిషాలు ఎక్కువ పట్టినా పూట మొత్తానికి గంట పోతుంది. ఆ గంట కూలీని ఎవరూ ఇవ్వరు. శిక్షణ ఒక్క రోజు సభతో ముగిస్తే కిట్ దండెం మీదే ఉండిపోతుంది. అలవాటైన చేతికి ఆ అయిదు నిమిషాలు రెండవుతాయి, అంతవరకు పక్కన నిలబడి నేర్పేవాళ్లు కావాలి. ఆలస్యమవుతుందన్న ఆ ఫిర్యాదును కార్మికుల మొండితనంగా చూసే అధికారులను నేనూ చూశాను. నాకు అందులో మొండితనం కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది.

కొబ్బరి కథ కొంచెం వేరు. కోనసీమలో దాదాపు నెలన్నరకోసారి దింపు తీయించాలి, దింపు కార్మికులేమో తగ్గిపోతున్నారు. కేరళలో ఇదే కొరత ముందొచ్చింది. కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన ఎం.జె. జోసఫ్ అనే రైతు బోదెను ఉక్కు తీగలతో పట్టుకునే రెండు ముక్కల సాధనం తయారుచేశాడు. ఒక కాలు కింది ముక్క మీద నిలిపి రెండో కాలితో మరో ముక్కను పైకి జరపాలి. బరువు పడిన ముక్క బిగుస్తుంది, బరువు లేనిది జరుగుతుంది. మోకులో ఉన్న సూత్రమే ఇందులో ఇనుముగా మారింది. ఇది కాళ్లను పట్టుకుంటుంది కానీ నడుముపై భాగాన్ని పట్టుకోదు. వెనక్కి ఒరిగితే దిక్కులేదు. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ దానికి రక్షణ పట్టీ ఏర్పాటు జతచేసింది ఆ లోపాన్ని పూడ్చడానికే. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరళలో యువకులకు ఇలాంటి సాధనాల మీద శిక్షణ మొదలుపెట్టింది. చెట్టెక్కే కార్మికులకు కేర సురక్ష పేరుతో ఆ బోర్డుదే ప్రమాద బీమా కూడా ఉంది. మన దింపు కార్మికుల్లో ఎంతమంది అందులో చేరారో తోట యజమానులు ఒకసారి అడిగి చూడాలి.

బ్రిటన్‌లో 2005లో తెచ్చిన ఎత్తు పనుల నిబంధనలు ఒక వరస చెబుతాయి. వీలైతే అసలు ఎక్కవద్దు. ఎక్కక తప్పదంటే పడకుండా ఏర్పాటు చెయ్యి. అదీ కుదరకపోతే పడినా దెబ్బ తగ్గేలా చూడు. మనం సాధారణంగా ఈ వరసను తలకిందులు చేసి, బెల్టు కొనిస్తే బాధ్యత తీరిందనుకుంటాం. ఎక్కకుండా ఉండే దారి తోట వేసే రోజే మొదలవుతుంది. గంగబొండాం లాంటి పొట్టి కొబ్బరిని చాలా ఏళ్లపాటు నేల మీద నుంచే కోయవచ్చు. అంబాజీపేట పరిశోధన కేంద్రం ఇచ్చిన గోదావరి గంగ ఆ గంగబొండాన్ని పొడుగు రకంతో కలిపి తీసిందే. మామిడిని ఏటా కత్తిరించి ఎత్తు పెరగనీయకుండా ఉంచితే చిక్కం కట్టిన గడతో నేల మీద నిలబడే కాయ దించవచ్చు. ముప్పై అడుగుల మామిడిచెట్టు చూడటానికి ముచ్చటే. దాని చిటారు కొమ్మన కాయ కోసం పదిహేనేళ్ల పిల్లవాడిని ఎక్కించడం ముచ్చట కాదు. మునగ, నేరేడు కొమ్మల పెళుసుతనం ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎక్కుతారు. గడ ఇనుముదో అల్యూమినియందో అయితే పైన కరెంటు తీగ ఉందో లేదో ముందు చూసుకోవాలి.

తక్కువ ఎత్తుల దగ్గర రక్షణ తాడు పనికిరాదన్న సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. ఆరడుగుల తాడు, కుదుపు సంచి సాగే మూడు నాలుగు అడుగులు, మనిషి ఎత్తు కలిపితే కొక్కెం కింద కనీసం పదిహేను అడుగుల ఖాళీ కావాలి. పది పన్నెండు అడుగుల గడ్డి ట్రక్కు మీద ఆ ఖాళీ లేదు. తాడు బిగిసేలోపే మనిషి నేలకు తగులుతాడు. అక్కడ చేయాల్సింది వేరు. లోడు మీద మనిషిని కూర్చోబెట్టి ట్రాక్టరు కదలించకూడదు. ట్రాక్టరు ఒక్కసారి ముందుకు లాగితే కింద గడ్డి దానితో పోతుంది, పైన మనిషి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాడు. కనుక వెనక్కి పడతాడు. గడ్డి లోడు కట్టే మోకు బిగించడం నేల మీద నుంచే చేయాలి. దిగేటప్పుడు దూకకుండా నిచ్చెన వేసుకోవాలి.

పశువుల కొట్టాలు, కోళ్లఫారాల మీద సిమెంటు రేకులు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతాయి. మొన్న నిలబడితే ఆగింది కదా అని ఈరోజు నిలబడితే ఒక్కసారి చిట్లి మనిషితో సహా కిందికి దిగుతాయి. మేకులు కొట్టిన వరస మీద నడిస్తే భయం లేదన్న నమ్మకం ప్రమాదకరం. రేకు కింది నుంచే మరమ్మతు చేయడం మొదటి దారి. తప్పక ఎక్కాల్సి వస్తే బరువు రెండు మూడు దూలాల మీద పడేలా వెడల్పాటి బల్లలు పరుచుకోవాలి.

నిచ్చెనకు ఒక కొలత గుర్తుంచుకుంటే చాలు: నాలుగడుగుల ఎత్తుకు ఒకడుగు దూరం. పన్నెండడుగుల ఎత్తున ఆనించిన నిచ్చెన పాదం గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. అంతకంటే నిటారుగా ఉంటే మనిషితో సహా వెనక్కి పడుతుంది, వాలు ఎక్కువైతే కాళ్లు జారిపోతాయి. దున్నిన నేలలో నాలుగు కాళ్ల నిచ్చెన ఎప్పుడూ ఒక కాలు గాల్లో పెట్టుకునే ఉంటుంది. పండ్లతోటలకు ముక్కాలి నిచ్చెన మేలు. మూడు బిందువులు ఎక్కడున్నా వాటి గుండా ఒక తలం తప్పక వెళ్తుంది, అందుకే ముక్కాలిపీట ఊగదు. వడ్రంగి దగ్గర వెదురుతోనైనా చేయించుకోవచ్చు.

1948 నాటి కర్మాగారాల చట్టంలోనే ఎత్తున పనిచేసేవాడు పడకుండా కంచె గానీ మరో ఏర్పాటు గానీ ఉండాలని రాశారు. పొలం కర్మాగారం కాదు. తోట యజమాని, కౌలుదారు, కూలిమేస్త్రీ, వీళ్లలో ఎవరిది బాధ్యత అన్న ప్రశ్న సాధారణంగా మనిషి పడ్డాకే వస్తుంది. ఎవరు డబ్బిచ్చి ఎక్కిస్తున్నారో వాళ్లదే రెండో తాడు ఖర్చు అని నా అభిప్రాయం. ఏడాది పొడవునా ఆ చెట్టు ఇచ్చే రాబడితో పోల్చి చూస్తే అది పెద్ద ఖర్చు కాదు.

చివరగా పడిన తరువాత జరిగే పొరపాటు గురించి చెప్పాలి. చెట్టు కింద పడినవాడిని చూడగానే నలుగురు పరిగెత్తుకొచ్చి ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేస్తారు. ప్రేమతో చేసే పనే. కానీ విరిగిన పూసల మధ్య వెన్నుపాము అప్పటికి చెక్కుచెదరకుండా ఉంటే, ఆ మడతలో అది దెబ్బతింటుంది. పడినప్పుడు కాళ్లు కదిలించిన మనిషి ఆసుపత్రికి చేరేసరికి కదిలించలేకపోవచ్చు. ఊపిరి ఆడుతోందా, రక్తం ధారగా పోతోందా చూసుకోండి. రక్తం పోతుంటే గుడ్డతో గట్టిగా అదమండి. తలనూ మెడనూ ఉన్నచోటే ఉన్నట్టు చేతులతో పట్టి ఉంచండి. నీళ్లు తాగించకండి. కదిలించక తప్పకపోతే తల, నడుము, కాళ్లు ఒకే దుంగలా కలిపి, నులక మంచం మీదకు కాకుండా తలుపు చెక్క లాంటి గట్టి బల్ల మీదకు నలుగురూ ఒకేసారి దొర్లించండి. 108కి ఫోన్ చేసినప్పుడు ఊరు, తోట గుర్తులతో పాటు ఎంత ఎత్తు నుంచి పడ్డాడో, కాళ్లూ చేతులూ కదిలిస్తున్నాడో లేదో తప్పకుండా చెప్పండి.